పాత నీటికి కొత్త కొలత



రేడియోలో మ్యూచువల్ ఫండ్ ప్రకటన వచ్చిన ప్రతిసారీ చివర్లో ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా పరుగెడుతుంది. పెట్టుబడులు మార్కెట్ రిస్కులకు లోబడి ఉంటాయని, పత్రాలన్నీ జాగ్రత్తగా చదువుకోమని గబగబా అప్పజెప్పి మాయమవుతుంది. గతంలో వచ్చిన రాబడి ఇకముందు కూడా వస్తుందన్న హామీ లేదనే మాట కూడా ఆ బాపతుదే. తమాషా ఏమిటంటే, ఆ మాట సన్న అక్షరాల్లో ఉన్న కాగితం మీదే ఏడాదికి ఎంత, మూడేళ్లకు ఎంత, ఐదేళ్లకు ఎంత అని గతాన్నే లావు అక్షరాల్లో అచ్చేస్తారు. చదివేవాళ్ల చూపు కూడా అక్కడే ఆగుతుంది. గతాన్ని నమ్మొద్దంటూనే గతం తప్ప ఇంకేమీ చూపించని వ్యవహారం ఇది. నిజానికి చూపించడానికి వాళ్ల దగ్గర మాత్రం ఇంకేముంది? రేపటి ఎన్ఏవీ, అంటే ఫండ్ యూనిట్ ధర, ఎవరి దగ్గరా లేదు. కాబట్టి గతాన్ని చూడాలా వద్దా అన్న తగువు పక్కనపెట్టి, దాన్ని ఏం అడగాలి, ఏం అడగకూడదు అన్న సంగతి ఈ రోజు చూద్దాం.

డబ్బు పంపకాన్ని పాత లెక్కలతో పరీక్షించే పద్ధతి ఒకటుంది. బ్యాక్‌టెస్టింగ్ అంటారు. ఉన్న డబ్బులో సగం షేర్ల ఫండ్లలో, సగం డిపాజిట్లలోనో డెట్ ఫండ్లలోనో పెట్టాలని ఒకరికి ఆలోచన. ఇంకొకరికి అరవై, నలభై ఇష్టం. మరొకరికి అందులో పదో వంతు బంగారం ఉంటే గానీ నిద్రపట్టదు. ఎవరికి వారు తమ నిష్పత్తిని పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో వెనక్కి తీసుకెళ్లి, ఆనాడు అలా పెట్టి ఉంటే ఈనాటికి ఎంతయ్యేదో కట్టి చూడొచ్చు. పాత ఎన్ఏవీలన్నీ ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ దగ్గర ఉచితంగానే దొరుకుతాయి. ఎక్సెల్ కాస్త వచ్చిన డిగ్రీ కుర్రాడు ఒక సాయంత్రం కూర్చుంటే పని అయిపోతుంది. ఇంత సులువు కాబట్టే దీని మీద నమ్మకం కూడా అంత సులువుగా కుదురుతోంది. నేను చెప్పదలచింది ఒక్కటే. ఏ నిష్పత్తి ఎక్కువ సంపాదించి పెడుతుందో ఈ పరీక్ష చెప్పలేదు. ఏ నిష్పత్తిని మనం చివరిదాకా పట్టుకుని ఉండలేమో మాత్రం బాగా చెబుతుంది. మొదటి ప్రశ్న అడిగినవాళ్లను అది మోసం చేస్తుంది, రెండో ప్రశ్న అడిగినవాళ్లకు పనికొస్తుంది.

మాటలెందుకు, ఒక లెక్క వేసి చూద్దాం. దగ్గర్లో కాగితం ఉంటే నాలుగు అంకెలు రాసుకోండి. షేర్ల సూచీ సెన్సెక్స్ 2002 డిసెంబరు చివర 3,377 దగ్గర ఉంది. 2007 చివర 20,287. 2008 చివర 9,647. 2009 చివర 17,465. డివిడెండ్లు, ఖర్చులు, పన్నులు ప్రస్తుతానికి పక్కన పెడదాం. డిపాజిట్ మీద ఏటా 7 శాతం వస్తుందనుకుందాం. ఈ 7 మాత్రం లెక్క కోసం నేను అనుకున్నది, చరిత్ర కాదు. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములను ఊహించుకోండి. 2002 చివర చెరో లక్ష రూపాయలు తీశారు. ఇద్దరూ 50 వేలు సెన్సెక్స్‌ను అనుసరించే ఫండ్‌లో, 50 వేలు డిపాజిట్‌లో పెట్టారు. అన్న ఆ తర్వాత వాటి జోలికి పోలేదు. తమ్ముడు మాత్రం ఏటా డిసెంబరు 31న కూర్చుని, ఎక్కువైన వైపు నుంచి తీసి తక్కువైన వైపు వేసి మళ్లీ సగం, సగం చేస్తూ వచ్చాడు. రీబ్యాలెన్సింగ్ అంటే ఇదే.

ఐదేళ్లు గడిచి 2007 చివరకు వచ్చేసరికి అన్న దగ్గర 3,70,500 రూపాయలున్నాయి, తమ్ముడి దగ్గర 3,09,500. అరవై వేల పైచిలుకు తేడా. ఆ రోజు ఎవరైనా ఈ పరీక్ష చేసి ఉంటే తీర్పు ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. ఏపుగా ఎదుగుతున్న మొక్క కొమ్మలు నరికి ఎదగని మొక్కకు ఎరువేయడం ఏమి సేద్యం అని తమ్ముణ్ని అందరూ కోప్పడేవాళ్లు. కానీ ఆ రోజు అన్న చేతిలో ఉన్నది ఇంకెంతమాత్రం సగం, సగం కాదు. పెరిగి పెరిగి షేర్ల వాటా 81 శాతానికి చేరింది. 81 శాతం పెడతానని అతను ఏనాడూ నిర్ణయించుకోలేదు, అది దానంతట అదే వచ్చి కూర్చుంది. ఆ మరుసటి ఏడాది సెన్సెక్స్ సగానికి పైగా పడింది. 2008 చివరకు అన్న డబ్బు 2,17,900కు దిగింది, తమ్ముడిది 2,39,100కు. అన్నకు నూటికి 41 రూపాయలు పోయాయి, తమ్ముడికి 23. ఐదేళ్లలో వెనకబడినవాడు పన్నెండు నెలల్లో ముందుకొచ్చాడు. ఇంకో ఏడాది జరపండి. 2009లో మార్కెట్ 81 శాతం లేచింది. అన్న 3,38,900, తమ్ముడు 3,44,400. ఏడేళ్ల తర్వాత ఇద్దరి మధ్య తేడా ఐదున్నర వేలు. ఒక మంచి సెల్‌ఫోన్ కూడా రాదు.

చేరిన చోటు ఇద్దరికీ దాదాపు ఒకటే. చేరిన దారులే వేరు. ఒకరు 41 శాతం గుంటలో దిగి పైకొచ్చారు, ఇంకొకరు 23 శాతం గుంటలో. పరీక్షలో ‘రాబడి’ అనే ఒక్క గడి చూసేవాడికి ఈ ఇద్దరూ సమానులే. 2007 చివర చూసినవాడికి అన్న గొప్ప, 2008 చివర చూసినవాడికి తమ్ముడు గొప్ప. అదే డబ్బు, అదే మార్కెట్. పరీక్షను ఏ తారీఖున ఆపామన్నదే తీర్పు చెప్పింది.

ఆపే తారీఖు సంగతి ఇది. మొదలుపెట్టే తారీఖు కథ ఇంకా విచిత్రం. 2002 డిసెంబరు చివరికి వెళ్లి, అప్పటికి చేతిలో ఉన్న పదేళ్ల లెక్కలతో పరీక్ష చేద్దాం. 1992 చివర సెన్సెక్స్ 2,615. ఆ ఏడాది ఏప్రిల్‌లో షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా ఊపు మీద 4,467 దాకా ఎగిరి పడిన తర్వాతి స్థాయి అది, అంటే మొదలుపెట్టడానికి మరీ చెడ్డ చోటు కూడా కాదు. అక్కణ్నుంచి పదేళ్లు నడిచి చేరింది 3,377కి. డివిడెండ్లు వదిలేస్తే ఏటా రెండున్నర శాతం చిల్లర. అదే పదేళ్లలో పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా పెట్టినవాడికి 2000 జనవరి దాకా 12 శాతం వడ్డీ వచ్చింది, ఆ తర్వాత మెల్లగా తగ్గింది. అయినా సొమ్ము రెండున్నర రెట్లు దాటింది, ప్రభుత్వ పూచీతో. ఆ రోజు బ్యాక్‌టెస్ట్ ఇచ్చే సలహా స్పష్టం: షేర్లలో పైసా కూడా పెట్టొద్దు. ఆ సలహా విన్నవాడు ఆ తర్వాతి ఐదేళ్లలో ఆరు రెట్లు పెరిగిన మార్కెట్‌ను గట్టున కూర్చుని చూశాడు. ఇప్పుడు 2007 చివరికి రండి. గడచిన ఐదేళ్ల పరీక్షలో షేర్లు ఏటా 43 శాతం. సలహా అంతకంటే స్పష్టం: ఉన్నదంతా షేర్లలో పెట్టు. ఆ సలహా విన్నవాడి సొమ్ము ఏడాదిలో సగమైంది. రెండుసార్లూ కూడికలో తప్పు లేదు, అంకెలు కల్పితం కాదు. అయినా వద్దన్నప్పుడు పెరిగింది, పెట్టమన్నప్పుడు పడింది.

దీన్ని దురదృష్టం అని కొట్టిపారేయలేం. వెనక ఒక కారణముంది. కోనసీమలో కొబ్బరి తోట ధర ఐదేళ్లలో నాలుగు రెట్లయింది, కాయ దిగుబడి మీద ఆదాయం మాత్రం రెట్టింపే అయిందనుకోండి. పాత లెక్క చూసేవాడికి ఆ తోట బంగారు బాతు. కొత్తగా కొనేవాడికి మాత్రం ఒక్కో కాయ రెట్టింపు ఖరీదు పడుతుంది. ధర బాగా పెరిగిన గతమే ముందున్న రాబడిని కొంత మింగేస్తుంది. 2007 చివరికి ఇంకో సూచీ నిఫ్టీలోని కంపెనీల షేర్లు వాటి ఏడాది లాభానికి పాతిక రెట్లకు పైగా పలుకుతున్నాయి. బ్యాక్‌టెస్ట్‌లో ఎన్ఏవీ కనబడుతుంది గానీ ఆ ఎన్ఏవీలో లాభం వాటా ఎంత, ఆశ వాటా ఎంత అన్నది కనబడదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఐదేళ్లు, పదేళ్లు చూస్తే అంతే మరి, నలభై ఏళ్లు తీసుకోండి, ఒక్క తారీఖు నుంచి కాకుండా ప్రతి నెల నుంచీ, ప్రతి రోజు నుంచీ మొదలుపెట్టి చూడండి అంటారు. రోలింగ్ రిటర్న్స్ అనే ఆ పద్ధతి మంచిదే. ఒక్క తారీఖు మీద ఆధారపడటం కంటే నూరు రెట్లు నయం. కానీ అది ఇచ్చే ధీమా దాని బలానికి మించినది. సెన్సెక్స్‌కు ఆధార సంవత్సరం 1978–79, నూరుతో మొదలు. అది నిజంగా పుట్టింది 1986 జనవరిలో, అంతకు ముందున్న అంకెలన్నీ వెనక్కి కట్టినవే. అంటే మన సూచీకి మొదటి ఏడేళ్లూ బ్యాక్‌టెస్టే అన్నమాట. సరే, అవి కూడా కలుపుకుందాం. 2024 దాకా నలభై అయిదేళ్లు. ఒకదాని మీద ఒకటి పడకుండా పదిహేనేళ్ల ముక్కలు చేస్తే వచ్చేవి మూడు. రోజుకొకటి చొప్పున మొదలుపెడితే వేల ముక్కలు వస్తాయి, నిజమే, కానీ నిన్న మొదలైన పదిహేనేళ్లకూ ఇవాళ మొదలైన పదిహేనేళ్లకూ తేడా రెండే రెండు రోజులు. ఒకే పెళ్లిని నాలుగు కెమెరాలతో తీస్తే నాలుగు పెళ్లిళ్లు అయిపోవు. ఆ మూడు ముక్కల్లోనూ 1991లో దేశం తలుపులు తెరిచిన సంఘటన ఒక్కసారే ఉంది. అలాంటిది మళ్లీ జరగదు.

దీర్ఘకాలంలో మార్కెట్ ఎప్పుడూ పైకే పోయింది కదా అనేవాళ్లు కూడా ఉంటారు. మన దగ్గర పోయింది. జపాన్‌లో 1989 డిసెంబరు 29న నిక్కెయ్ సూచీ 38,915 దగ్గర ముగిసింది. ఆ రోజు అక్కడ నలభై ఏళ్ల వెనకటి లెక్క తీసినవాడికి షేర్లంత సురక్షితమైన చోటు ఇంకోటి కనబడి ఉండదు. సూచీ ఆ అంకెను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరి 22న. ముప్పై నాలుగేళ్లు. ఉద్యోగంలో చేరినవాడు రిటైర్మెంట్‌కు దగ్గరపడేంత కాలం. మనది జపాన్ కాదు, ఇక్కడ కుర్రకారు ఎక్కువ, వృద్ధి ఎక్కువ అంటారా, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట పాత ఎన్ఏవీల్లోంచి రాలేదని గమనించండి. అది ఆర్థికశాస్త్రం నుంచి, జనాభా లెక్కల నుంచి వచ్చింది. పరీక్షకు బయటి నుంచి కారణం తెచ్చుకున్న క్షణంలోనే, ఉత్త పరీక్ష చాలదని మనమే ఒప్పుకున్నట్టు.

ఇక లెక్కకు వాడే సరుకు సంగతి. ఇక్కడ అన్నిటికంటే పెద్ద చిల్లు ఏదో చెప్పాలంటే తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ పేరు చాలు. హైదరాబాద్ నుంచి నడిచిన ఆ కంపెనీ సెన్సెక్స్‌లో ఒకటిగా ఉండేది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,000 కోట్లకు పైగా అసలు లేనే లేదని అందులో ఆయనే రాశారు. ఆ ఒక్క రోజులో షేరు దాదాపు 78 శాతం, సెన్సెక్స్ 749 పాయింట్లు పడ్డాయి. రోజుల వ్యవధిలో సత్యాన్ని సూచీ నుంచి తీసేశారు. ఇప్పుడు ఒకాయన ఈనాటి సెన్సెక్స్‌లోని ముప్పై కంపెనీల జాబితా తీసుకుని, వీటిలో 2005లో సమానంగా పెట్టి ఉంటే ఎంతయ్యేదని లెక్క కడతాడు. ఆ జాబితాలో సత్యం లేదు. ఉండదు. ఈనాటి జాబితా అంటేనే బతికి బట్టకట్టినవాళ్ల జాబితా. ఫలితం ఎంత తియ్యగా ఉంటుందో చెప్పక్కర్లేదు. పదో తరగతి పాసైనవాళ్లను మాత్రమే పిలిచి మార్కులడిగితే ఆ బడిలో ఫెయిలైనవాడే ఉండడు. ఫండ్లలోనూ ఇదే తంతు. నడవని పథకాన్ని నడిచే పథకంలో కలిపేస్తే దాని పాత చరిత్ర మామూలు జాబితాల్లోంచి జారిపోతుంది. ఈ రోజు ఐదు నక్షత్రాలున్న ఫండ్లను ఏరి వాటికి గతంలో పరీక్ష పెట్టడమంటే, గెలిచిన గుర్రాల మీద పందెం ముగిశాక పందెం కాయడమే.

పేరు ఒకటే ఉన్నా మనిషి మారిపోయిన ఫండ్లు కూడా ఉన్నాయి. 2017 అక్టోబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫండ్ల వర్గీకరణ తెచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్‌క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్‌క్యాప్, ఆ తర్వాతివన్నీ స్మాల్‌క్యాప్ అని గీత గీసింది. లార్జ్‌క్యాప్ ఫండ్ అన్నది కనీసం 80 శాతం ఆ మొదటి నూటిలోనే పెట్టాలంది. దాంతో 2018లో ఎన్నో పథకాలు పేరో తీరో మార్చుకున్నాయి, కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అంతకు ముందు చిన్న కంపెనీల్లోనూ చేయిపెట్టి సంపాదించిన రాబడిని చూపించి, ఇది ఈనాటి లార్జ్‌క్యాప్ ఫండ్ ప్రతిభ అంటే ఎలా? ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్లకు 2013 జనవరికి ముందు చరిత్రే లేదు. ఇంకా పన్నులున్నాయి. మన తమ్ముడు ఏటా అమ్మి సర్దాడు కదా, ఏడాది దాటిన షేర్ల లాభం మీద 2004 అక్టోబరు నుంచి 2018 మార్చి దాకా పన్ను లేదు, ఆ ఏప్రిల్ నుంచి లక్ష దాటిన లాభంపై 10 శాతం, 2024 జులై 23 నుంచి 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం. ఎంట్రీ లోడ్ అని 2009 ఆగస్టు దాకా ఫండ్ కొన్నప్పుడల్లా 2.25 శాతం దాకా కోసుకునేవాళ్లు. ఆనాటి రాబడికి ఈనాటి పన్ను తగిలించాలా, ఆనాటి పన్నేనా అన్నది పరీక్ష చేసేవాడే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా వచ్చే దశాంశ స్థానాలకు విలువ లేదు.

దశాంశాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కంప్యూటర్‌ను అడిగితే అన్ని నిష్పత్తులనూ పరీక్షించి, 57.3 శాతం లార్జ్‌క్యాప్, 11.8 శాతం స్మాల్‌క్యాప్, 19.4 శాతం బంగారం అంటూ అత్యుత్తమ మిశ్రమం తీసి ఇస్తుంది. ఈ విద్యకు మూలపురుషుడు హ్యారీ మార్కోవిట్జ్. 1952లో రాసిన పరిశోధన వ్యాసంతో దారి వేశారు, 1990లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఆయన గణితంలో లోపం లేదు, దానికి మేతగా వేసే గతం అంకెల్లోనే ఉంది చిక్కంతా. డెమిగెల్, గార్లాప్పి, ఉప్పల్ అనే ముగ్గురు పరిశోధకులు (ఈ ఉప్పల్ ఇంటిపేరే, మన హైదరాబాద్ ఉప్పల్ కాదు) 2009లో ఒక పోలిక పెట్టారు. ఇలాంటి తెలివైన పద్ధతులు పద్నాలుగింటిని, అన్నిటిలో సమానంగా పంచేసే మొద్దు పద్ధతితో, ఏడు రకాల లెక్కల మీద పోటీకి దించారు. పద్నాలుగింటిలో ఏదీ ఆ మొద్దు పద్ధతిని నిలకడగా ఓడించలేకపోయింది. గతానికి అచ్చు గుద్దినట్టు కుట్టిన చొక్కా రేపటి ఒంటికి బిగుసుకుపోతుంది. ఎంత వెతికితే అంత దొరుకుతుంది కూడా. డేవిడ్ లైన్‌వెబర్ అనే ఆయన వెక్కిరింపుగా వెతికితే, అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ ఎగుడుదిగుళ్లలో 75 శాతాన్ని వివరించగలిగిన అంకె ఒకటి దొరికింది. బంగ్లాదేశ్‌లో వెన్న ఉత్పత్తి!

ఇంత చెప్పాక, అయితే పాత లెక్కలన్నీ గతజల సేతుబంధనమేనా, పారిపోయిన నీటికి గట్టు కట్టడమేనా అని అడగడం న్యాయం. నా జవాబు కాదనే. నది మీద ఆనకట్ట కట్టే ఇంజినీరు కూడా పాత వరదల లెక్కలే తీస్తాడు. వచ్చే ఏడాది వరద వస్తుందా అని ఆయన వాటిని అడగడు. వస్తే ఎంత ఎత్తున రావచ్చు, గట్టు ఎంత బలంగా ఉండాలి అని అడుగుతాడు. అక్కడ కూడా గతం చివరి మాట కాదు. శ్రీశైలం ఆనకట్టను దాదాపు 19 లక్షల క్యూసెక్కుల వరదను దృష్టిలో పెట్టుకుని కడితే, 2009 అక్టోబరులో వచ్చిన ప్రవాహం 25 లక్షలు దాటింది. అయినా కట్ట నిలిచింది, లెక్కకు మించిన వదులు ఎంతో కొంత ఉంది కాబట్టి. పెట్టుబడి పరీక్షనూ ఈ చూపుతోనే చదవాలి. ఎంత పెరిగింది అన్న గడిని మూసేసి, శిఖరం నుంచి ఎంత లోతుకు పడింది, మళ్లీ అక్కడికి రావడానికి ఎన్నేళ్లు పట్టింది అన్న రెండు గడులు చూడాలి.

సెన్సెక్స్ 2008 జనవరి 8న 20,873 దగ్గర ముగిసింది. 2009 మార్చి 9న 8,160. నూటికి అరవై పైగా పోయింది. 2010 నవంబరులో ఒకసారి 21 వేల అంచు తాకి మళ్లీ జారింది, 2011 చివరకు 15,455కు దిగింది. 2008 జనవరి నాటి ఎత్తును మళ్లీ దాటి నిలదొక్కుకున్నది 2013 చివర్లో. ఈ మధ్యలో, ఉదాహరణకు 2011 చివర్లో, కూతురి ఇంజినీరింగ్ ఫీజుకు డబ్బు తీయాల్సిన ఇల్లు ఒకటుందనుకోండి. ఇరవయ్యేళ్ల సగటు రాబడి ఎంతైతే ఆ ఇంటికేమిటి? కాలేజీ వాళ్లు సగటు తీసుకోరు. పాత లెక్క ఆ ఇంటికి చెప్పగలిగిన నిజం ఇది: షేర్లలో పెట్టిన సొమ్ము ఆరేళ్ల దాకా అందుబాటులో లేకుండా పోయిన సందర్భం ఒకటి ఈ దేశంలోనే ఉంది, కాబట్టి ఆరేళ్ల లోపు అవసరం పడే డబ్బు అందులో ఉంటే ఆ నిష్పత్తి పనికిరాదు. ఈ తీర్పుకు జోస్యంతో పనిలేదు. అలా మళ్లీ జరుగుతుందని కూడా అననక్కర్లేదు, జరిగే వీలుందని తెలిస్తే చాలు. ఎంచుకోవడానికి పనికిరాని సాక్ష్యం కొట్టేయడానికి పనికొస్తుంది.

శాతాల్లో చూస్తే ఈ పతనపు గడి కూడా మోసం చేస్తుంది, రూపాయల్లోకి మార్చి చూడాలి. 60 శాతం పతనం అన్నది వినడానికి ఒక అంకె. జీవితమంతా కూడబెట్టిన 20 లక్షలు 8 లక్షలైపోవడం వేరు. ఇలా భయపెడితే ఎవరూ షేర్ల వైపు చూడరు కదా అంటారేమో. మన అన్నదమ్ముల లెక్క మళ్లీ తీయండి. ఆ ఏడేళ్లూ లక్ష మొత్తం డిపాజిట్‌లో పడి ఉంటే 1,60,600 అయ్యేది. తమ్ముడికి 3,44,400 వచ్చింది, అన్నకు కూడా కాస్త అటూ ఇటూగా అంతే. షేర్లకు ఫలముంది. కానీ ఆ ఫలం 2008 చివర మిగిలింది చాలని అమ్మేసి వెళ్లిపోని వాళ్లకే. ఆనాడు అమ్ముకున్నవాడికి 2009లో వచ్చిన 81 శాతం లేదు. 41 శాతం నష్టాన్ని చూసి అమ్మకుండా కూర్చోగలిగినవాళ్లు ఎందరు, 23 శాతాన్ని ఓర్చుకోగలిగినవాళ్లు ఎందరు అన్నది ఎక్సెల్‌కు తెలియదు. ఎవరి గుండె సంగతి వాళ్లకే తెలియాలి. అందుకే పరీక్షలో రెండో స్థానంలో వచ్చిన నిష్పత్తి ఇంట్లో మొదటి స్థానంలో ఉండొచ్చు.

డిపాజిట్, డెట్ వైపు అంతా చల్లని నీడే అనుకోవడం కూడా పాత లెక్కలు నేర్పే తప్పే. 12 శాతం ఇచ్చిన పీపీఎఫ్ 2020 ఏప్రిల్ నుంచి 7.1కి దిగింది, కాబట్టి 1990ల డెట్ రాబడితో ఈనాటి పంపకాన్ని పరీక్షిస్తే ఫలితం ఉబ్బి వస్తుంది. రాబడి గీత నున్నగా ఉన్నంత మాత్రాన అడుగున గుంట లేదని కాదు. ఒకనాడు మధ్యతరగతి ఇళ్లలో బ్యాంకు డిపాజిట్‌తో సమానంగా చూసిన యూటీఐ యూఎస్–64 యూనిట్ల అమ్మకం, కొనుగోలు 2001 జులైలో ఆగిపోయాయి. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను మూసేస్తున్నట్టు ప్రకటించింది. అడిగిన రోజున డబ్బు చేతికి రాకపోవడమనే ప్రమాదం ముందు రోజు దాకా ఏ ఎన్ఏవీ పట్టికలోనూ కనిపించలేదు.

చివరగా ఒక అభ్యంతరం నా లెక్క మీదే ఉంది, దాన్ని దాచి వెళ్లడం బాగుండదు. అన్నదమ్ముల లెక్కలో నేను వాడినవన్నీ డిసెంబరు చివరి అంకెలే. అదే పట్టికలో 2019 చివర సెన్సెక్స్ 41,254, 2020 చివర 47,751. ఏడాదికి పదిహేనున్నర శాతం పైగా లాభం. ఈ గడి చూసినవాడు 2020 ప్రశాంతంగా గడిచిన ఏడాది అనుకుంటాడు. ఆ మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులో 3,935 పాయింట్లు పడి 25,981 దగ్గర ఆగింది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆ ఎర్ర అంకె చూసినవాళ్లలో ఎందరో అదే వారం అమ్మేశారు. నా పట్టికలో ఆ వారం లేదు. నెల చివరి అంకెలతో కడితే కొంత కనబడుతుంది, రోజువారీ అంకెలతో కడితే పూర్తిగా కనబడుతుంది. మీ నిష్పత్తిని పరీక్షించడానికి కూర్చున్నప్పుడు రోజువారీ అంకెలే తీసుకోండి. డిసెంబరు 31న ఎంతుందో తర్వాత చూడొచ్చు, ముందు మార్చి 23న మీ దగ్గర ఎంత మిగిలేదో రాసుకోండి.